తూకం వేసి లెక్కపెట్టడం: మోల్ మీద ఒక ప్రసంగం

కూర్చోండి, కూర్చోండి. వెనక ఉన్నవాళ్లకు ఈ త్రాసు కనిపిస్తోందా? అంకెలు కనిపించకపోతే ముందు బెంచీలో ఎవరైనా గట్టిగా చదవండి.

ఇది స్టీల్ ఊల్. సన్నటి ఇనుప తీగల పీచు. పింగాణీ గిన్నెలో వేసి, గిన్నె బరువు తీసేసి తూచాను. ఎంత చూపిస్తోంది? 5.00 గ్రాములు. దీన్ని ఇప్పుడు అంటిస్తాను. అంటించే ముందు ఒక ప్రశ్న. కాలాక దీని బరువు తగ్గుతుందా, పెరుగుతుందా, అలాగే ఉంటుందా? తగ్గుతుందనేవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. పెరుగుతుందనేవాళ్లు? ముగ్గురు. అందులో ఒకరు పక్కవాళ్లను చూసి చెయ్యి దించేశారు కూడా.

సరే, అంటిస్తున్నాను. మీరు ఇంట్లో చేయకండి, నిప్పురవ్వలు ఎగురుతాయి. చూశారా, పెద్ద మంట ఏమీ లేదు, ఎర్రటి మెరుపు తీగల వెంట పాకుతూ పోతోంది. ఊదితే ఇంకా బాగా మండుతుంది. గాలి కావాలి దానికి. ఆగింది. చల్లారనిద్దాం. ఇప్పుడు ఎంత?

5.62. పెరిగింది. పైగా నాలుగైదు రవ్వలు ఎగిరి బల్ల మీద పడ్డాయి, అవి లెక్కలో లేవు. చెయ్యి దించేసిన అమ్మాయి ఎవరో గానీ, నీ మొదటి ఆలోచనే కరెక్టమ్మా.

మిగతావాళ్ల తప్పు కూడా ఏమీ లేదు. మనకు 'కాలడం' అనగానే కొవ్వొత్తి గుర్తుకొస్తుంది. కొవ్వొత్తి కాలుతూ కాలుతూ మాయమైపోతుంది కాబట్టి, కాలితే బరువు తగ్గుతుందని మనసులో పడిపోయింది. అయితే కొవ్వొత్తి నిజంగా ఎక్కడికి పోయింది? మంట పైన కాస్త ఎత్తులో చల్లటి గాజు గ్లాసు బోర్లించి పట్టుకోండి. లోపల సన్నటి ఆవిరి మబ్బులా పడుతుంది. అది నీరు. మంటలోంచి నీళ్లు! అదే గ్లాసులో కాస్త సున్నపు తేట పోసి తిప్పితే పాలలా తెల్లబడుతుంది. అది కార్బన్ డై ఆక్సైడ్ గుర్తు. అంటే కొవ్వొత్తి ఎక్కడికీ పోలేదు, వాయువులుగా మారి గదిలోనే ఉంది. ఆ వాయువులన్నింటినీ పట్టి తూచగలిగితే కొవ్వొత్తి బరువు కంటే ఎక్కువే వస్తుంది. ఇనుము కాలితే వచ్చే ఆక్సైడు ఘనపదార్థం, గిన్నెలోనే ఉండిపోతుంది కాబట్టి పెరుగుదల మన కంటికి కనిపించింది. ఇంతకీ పెరిగిన ఆ 0.62 గ్రాములు ఎక్కడివి? గాలిలోని ఆక్సిజన్.

ఇది తేల్చినవాడు ఫ్రాన్సులో లెవోయిజర్. 1770ల్లో, 80ల్లో మూతపెట్టిన పాత్రల్లో లోహాలను వేడిచేసి, ముందూ వెనకా తూచాడు. పాత్ర మూసి ఉన్నంతసేపూ మొత్తం బరువులో తేడా రాలేదు. ఈయన వృత్తి ఏమిటో తెలుసా? రాజుగారి తరఫున పన్నులు వసూలు చేసే సంస్థలో భాగస్వామి. జమాఖర్చుల మనిషి. ఇటు పోయింది అటు రావాలి, లెక్క తేలకపోతే నిద్రపట్టదు. ఆ బుద్ధినే ప్రయోగశాలలోకి తెచ్చాడని నాకనిపిస్తుంది. ఆ పన్నుల ఉద్యోగం వల్లే విప్లవకాలంలో, 1794లో, గిలటిన్ కింద తల పోగొట్టుకున్నాడు. ఆయన చెప్పిందే మీ పుస్తకంలో ద్రవ్య నిత్యత్వ నియమం.

నియమం సరే. బరువు ఎందుకు నిలుస్తుంది? పరమాణువులు పుట్టవు, చావవు, జతలు మార్చుకుంటాయంతే. ఇనుము పరమాణువులు ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి, ఆక్సిజన్‌వీ అంతే. రసాయన చర్య అంటే జతలు మారడం.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. జతలు కట్టేది లెక్క ప్రకారం: రెండు హైడ్రోజన్‌లకు ఒక ఆక్సిజన్, రెండు ఇనుములకు మూడు ఆక్సిజన్‌లు. అంటే పరమాణువులకు తెలిసింది సంఖ్య. మన దగ్గరున్నదేమో త్రాసు. దానికి తెలిసింది గ్రాములు. రెండింటికీ భాష కలవదు. మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరే మోల్. ఇవాళ చెప్పేదంతా దాని గురించే.

మోల్ అంటే ఏమిటి అనగానే మీలో సగం మంది "6.022 ఇంటూ 10 పవర్ 23" అని అప్పజెప్పేస్తారు. మీరు ఆ సంఖ్యను ఒక పది నిమిషాలు మర్చిపోండి. అది తెలియకుండానే రసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఇదే పని చేశారు. ఎలాగో చూడండి.

నా దగ్గర ఒక బస్తా మేకులు, ఒక బస్తా బోల్టులు ఉన్నాయి. మేకులెన్నో, బోల్టులెన్నో సమానంగా తీసి మీకివ్వాలి. లెక్కపెట్టే ఓపిక లేదు. ఒక మేకు ఎంత బరువో కూడా నాకు తెలియదు. ఒక్క విషయమే తెలుసు: ఒక బోల్టు బరువు ఒక మేకు బరువుకు 4 రెట్లు. ఏం చేస్తాను?

చెప్పు నాన్నా. ఆఁ, 1 కిలో మేకులు తూచి, 4 కిలోల బోల్టులు తూస్తే సరి. రెండు కుప్పల్లోనూ సంఖ్య ఒకటే. ఎన్ని? నాకు తెలియదు. వందా, వెయ్యా? తెలియదు. కానీ సమానం అని మాత్రం ఒట్టేసి చెప్పగలను. ఒక్కొక్క బోల్టుకు ఒక్కొక్క మేకు కట్టుకుంటూ పోతే ఒక్కటీ మిగలదు.

ఈ చిన్న విషయం పట్టుకుంటే మోల్ వచ్చేసినట్టే. కార్బన్ పరమాణువు బరువు 12 అనుకుంటే, అదే కొలమానంలో హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 16, ఇనుము 56, బంగారం 197. కాబట్టి 12 గ్రాముల కార్బన్‌లో ఎన్ని పరమాణువులో, 56 గ్రాముల ఇనుములోనూ అన్నే, 197 గ్రాముల బంగారంలోనూ అన్నే. 'అన్నే' అన్న ఆ సంఖ్యకు పెట్టిన పేరే మోల్. డజను లాంటిదే. డజను పెన్సిళ్లూ డజనే, డజను ఇటుకలూ డజనే, ఎత్తి చూస్తే బరువు మాత్రం వేరు.

మేడమ్, అసలు 16 రెట్లు అని ఎలా తెలిసింది, అంటున్నావు. మంచి ప్రశ్న. మేకునూ బోల్టునూ చేత్తో పట్టుకోవచ్చు, పరమాణువును పట్టుకోలేం కదా. దీని దగ్గరే ప్రపంచం యాభై ఏళ్లు ఇరుక్కుపోయింది. కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే పరీక్షల్లో రాదని పుస్తకాలు దీన్ని రెండు లైన్లలో దాటేస్తాయి.

ఇంగ్లండులో డాల్టన్ అనే స్కూలు మాస్టారు. 1803 నుంచి పరమాణువుల గురించి రాస్తూ వచ్చాడు. నీటిలో 1 గ్రాము హైడ్రోజన్‌కు 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. ఆయన రోజుల్లో కొలతలు ఇంత కచ్చితంగా లేవు, నేను ఇప్పటి లెక్క చెబుతున్నాను. దీన్నిబట్టి ఆక్సిజన్ పరమాణువు ఎన్ని రెట్లు బరువు? నీటిలో ఒకటికి ఒకటి ఉంటే 8 రెట్లు. ఒక ఆక్సిజన్‌కు రెండు హైడ్రోజన్‌లుంటే 16 రెట్లు. అంటే బరువు తెలియాలంటే ఫార్ములా తెలియాలి, ఫార్ములా తెలియాలంటే బరువు తెలియాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు. డాల్టన్ ఏం చేశాడు? అన్నిటికంటే సులువైంది ఎంచుకున్నాడు: ఒకటికి ఒకటి. ఆయన లెక్కలో నీళ్లు హెచ్ ఓ. హెచ్ టూ ఓ కాదు!

1808లో ఫ్రాన్సులో గే-లుసాక్ ఒక సంగతి బయటపెట్టాడు. వాయువులు తూకంలో కాదు, ఘనపరిమాణంలో చూస్తే చక్కటి పూర్ణాంకాల్లో కలుస్తున్నాయి. 2 లీటర్ల హైడ్రోజన్, 1 లీటరు ఆక్సిజన్ కలిసి ఆవిరి అవుతాయి. అన్నీ ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర కొలిస్తే ఎన్ని లీటర్ల ఆవిరి వస్తుంది? 3 కాదు. 2.

ఇటలీలో అవగాడ్రో 1811లో దీన్ని పట్టుకున్నాడు. ఆయన అన్నది: ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర ఏ వాయువైనా సరే, సమాన ఘనపరిమాణంలో సమాన సంఖ్యలో అణువులుంటాయి. అణువంటే పరమాణువులు జతకట్టిన జట్టు. చిన్నవైనా పెద్దవైనా అంతే. వింతగా ఉంటుంది మొదట వింటే. కానీ వాయువులో అణువుల మధ్య ఖాళీయే ఎక్కువ. గ్లాసు అడుగున 18 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మరిగిస్తే 30 లీటర్ల దాకా ఆవిరి అవుతుంది. అణువులు పెరగలేదు, ఖాళీ పెరిగింది. అంత ఖాళీలో అణువు కాస్త లావైతేనేం, సన్నమైతేనేం.

ఇప్పుడు లెక్క వేద్దాం. 1 లీటరు ఆక్సిజన్‌లో వంద అణువులున్నాయనుకోండి. 2 లీటర్ల ఆవిరిలో రెండు వందల నీటి అణువులుండాలి. ప్రతి నీటి అణువులోనూ ఎంతో కొంత ఆక్సిజన్ ఉండాలి కదా? వంద ఆక్సిజన్ అణువులు రెండు వందల మందికి సరిపోవాలంటే ఒక్కొక్కటీ రెండుగా చీలాలి. అంటే ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు! ఓ టూ. ఒక్క పరమాణువును కూడా చూడకుండా, లీటర్లు కొలిచి, బుర్ర పెట్టి తేల్చిన విషయం ఇది. చదివిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. అదే పద్ధతిలో వెళ్తే హైడ్రోజన్ హెచ్ టూ, నీళ్లు హెచ్ టూ ఓ.

ఇక బరువు నిష్పత్తి చాలా సులువు. సమాన లీటర్లలో సమాన అణువులు కాబట్టి లీటరుకు లీటరు తూచడమే. 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ దగ్గర లీటరు హైడ్రోజన్ 0.09 గ్రాములు, లీటరు ఆక్సిజన్ 1.43 గ్రాములు. భాగించండి. దాదాపు 16. ఇదీ నువ్వడిగిన ప్రశ్నకు జవాబు.

మరి అందరూ చప్పట్లు కొట్టారా? లేదు. ఒకే రకం పరమాణువులు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి, ఆక్సిజన్ ఆక్సిజన్‌తో ఎలా అంటుకుంటుంది అని డాల్టన్ ఒప్పుకోలేదు. మిగతావాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత యాభై ఏళ్లు కొందరు ఆక్సిజన్‌కు 8 రాసేవాళ్లు, కొందరు 16. ఒకే పదార్థానికి ఎవరి ఫార్ములా వాళ్లది. ఒక్క అసిటిక్ ఆమ్లానికే 19 రకాల ఫార్ములాలు చలామణిలో ఉన్నాయని కెకూలే అనే జర్మన్ శాస్త్రవేత్త జాబితా వేసి చూపించాడు. మీకు ఒక్క ఫార్ములా గుర్తుపెట్టుకోవడానికే టెన్షన్!

ఈ గందరగోళం తేల్చుకోవడానికే 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో రసాయన శాస్త్రవేత్తలంతా సభ పెట్టుకున్నారు. అక్కడ కానిజారో అనే ఇటలీ ఆయన, అవగాడ్రో చెప్పిన పద్ధతిలో వెళ్తే చిక్కులన్నీ విడిపోతాయని వాదించాడు. సభ అయ్యాక ఆ పద్ధతి మీద ఆయన రాసిన చిన్న పుస్తకం ప్రతులు పంచారు. ఆ సభకు వచ్చిన కుర్రవాళ్లలో మెండలీఫ్ ఒకడు. పరమాణు భారాలు సరిపడితేనే గదా వాటిని వరసలో పేర్చగలిగేది! తొమ్మిదేళ్ల తర్వాత, 1869లో, ఆయన ఆవర్తన పట్టిక వచ్చింది. అవగాడ్రో మాత్రం ఇవేవీ చూడలేదు, 1856లోనే పోయాడు. ఆయన పేరుతో ఉన్న సంఖ్య కూడా ఆయనకు తెలియదు. ఆ పేరు పెట్టాలన్నది 1909లో పెర్రిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త.

సరే, ఇప్పుడు సంఖ్య దగ్గరికి వద్దాం. 6.022 ఇంటూ 10 పవర్ 23. మన లెక్కలో చెప్పాలంటే 602 కోట్ల కోట్ల కోట్లు. మూడుసార్లు కోట్లు. ఇదిగో ఈ డ్రాపర్‌లోంచి ఒక్క చుక్క నీళ్లు. సుమారు 0.05 గ్రాములు ఉంటుంది. నీటి అణువు బరువు 2 ప్లస్ 16, 18; అంటే 18 గ్రాముల నీళ్లు ఒక మోల్ కాబట్టి, ఈ చుక్కలో ఒకటిన్నర కోట్ల కోట్ల కోట్ల కంటే ఎక్కువ అణువులున్నాయి. సెకనుకు పది లక్షల చొప్పున, తిండీ నిద్రా లేకుండా లెక్కపెట్టే యంత్రం ఉందనుకోండి. ఈ ఒక్క చుక్క పూర్తయ్యేసరికి 5 కోట్ల సంవత్సరాలు దాటుతుంది. అందుకే లెక్కపెట్టం. తూస్తాం.

2019 మే 20 నుంచి ఈ సంఖ్యను నిర్వచనంలోనే బిగించేశారు. 6.02214076 ఇంటూ 10 పవర్ 23, అంతే, ఇక మారదు. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని, అని ఉండేది. మీ లెక్కలకు రెండిటికీ తేడా ఏమీ రాదు.

ఇప్పుడు సమీకరణాలు. టూ హెచ్ టూ ప్లస్ ఓ టూ, బాణం గుర్తు, టూ హెచ్ టూ ఓ. దీన్ని చాలామంది ఎలా చదువుతారంటే, 2 గ్రాముల హైడ్రోజన్, 1 గ్రాము ఆక్సిజన్. ఏటా కనీసం పది పేపర్లలో చూస్తాను. ముందున్న అంకెలు గ్రాములు కావు, మోల్‌లు. 2 మోల్‌ల హైడ్రోజన్ అంటే 4 గ్రాములు, 1 మోల్ ఆక్సిజన్ అంటే 32 గ్రాములు, 2 మోల్‌ల నీళ్లు అంటే 36 గ్రాములు. 4 ప్లస్ 32, 36. లెవోయిజర్ గారి జమాఖర్చు సరిపోయింది.

ఇంకో తప్పు నేను చేసిందే చెప్తాను. చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో సమీకరణం తుల్యం కావడం లేదు. ఎడమవైపు ఆక్సిజన్‌లు రెండు, కుడివైపు ఒకటి. టైమ్ అయిపోతోంది. చటుక్కున హెచ్ టూ ఓ పక్కన కింద ఇంకో 2 తగిలించాను. హెచ్ టూ ఓ టూ. అంకెలు సరిపోయాయి, సంతోషంగా పేపరిచ్చి వచ్చాను. దిద్దిన మాస్టారు పక్కన రాసింది ఇప్పటికీ గుర్తు: "ఇది తాగి చూడు." హెచ్ టూ ఓ టూ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, జుట్టు రంగు పోగొట్టేది, చర్మం మీద పడితే మండేది. ముందున్న అంకె 'ఎన్ని అణువులు' అని చెబుతుంది, మన ఇష్టం, మార్చుకోవచ్చు. కింద ఉన్న చిన్న అంకె ఆ పదార్థం ఏమిటో చెబుతుంది. దాని జోలికి వెళ్తే పదార్థమే మారిపోతుంది.

ఒక లెక్క చేద్దాం. 10 గ్రాముల హైడ్రోజన్, 10 గ్రాముల ఆక్సిజన్ కలిపి చర్య జరిపిస్తే ఎన్ని గ్రాముల నీళ్లొస్తాయి? 20 అన్నారు ఎవరో. సగం సగం వేశాం కదా, రెండూ అయిపోతాయనుకున్నారు. మేకులూ బోల్టులూ గుర్తు తెచ్చుకోండి. బరువు సమానమైతే సంఖ్య సమానం కాదు. 10 గ్రాముల ఆక్సిజన్ అంటే 10 బై 32, 0.3125 మోల్. దానికి కావలసిన హైడ్రోజన్ రెట్టింపు, 0.625 మోల్, అంటే 1.25 గ్రాములు. అంతే! ఆక్సిజన్ అయిపోయింది. 11.25 గ్రాముల నీళ్లొచ్చాయి, 8.75 గ్రాముల హైడ్రోజన్ జోడీ దొరక్క అలాగే మిగిలిపోయింది. ముందు అయిపోయేదాన్ని పరిమిత కారకం అంటారు. ఎంత వస్తుందో నిర్ణయించేది అదే.

ఇక మన ఇనుము. 4 మోల్‌ల ఇనుముకు 3 మోల్‌ల ఆక్సిజన్. 224 గ్రాములకు 96 గ్రాములు కలిసి 320 గ్రాముల ఆక్సైడు. ఆ లెక్కన 5 గ్రాములకు ఎంత రావాలి? చెయ్యండి. 7.14. మనకు త్రాసు మీద వచ్చింది 5.62. నియమం తప్పిందా? లేదు. ఇదిగో, ఈ గిన్నెలోది విరిచి చూడండి. పైన నల్లగా పెళుసుగా ఉంది, లోపల ఇంకా తళతళలాడే తీగలున్నాయి. కాలని ఇనుము. పైగా ఇలా కాలితే వచ్చేదంతా ఎఫ్ ఈ టూ ఓ త్రీయే అనుకోవడానికి లేదు (ఎఫ్ ఈ అంటే ఇనుము). ఈ నల్లటిదాంట్లో ఎఫ్ ఈ త్రీ ఓ ఫోర్ కూడా ఉంటుంది, అందులో ఆక్సిజన్ పాలు కాస్త తక్కువ. కాగితం మీద లెక్క గరిష్ఠంగా ఎంత రావచ్చో చెబుతుంది. ప్రయోగం నిజంగా ఎంత వచ్చిందో చెబుతుంది. రికార్డులో 7.14 అని రాసేయకండి. 5.62 అనే రాసి, ఎందుకు తగ్గిందో రాయండి. అలా రాసిన రికార్డు చూస్తేనే నాకు ప్రయోగం చేసినట్టు నమ్మకం కలుగుతుంది.

టైమ్ అయింది గానీ అక్కడెవరో చెయ్యి ఎత్తారు. చెప్పమ్మా. లెక్కపెట్టలేం అంటూనే 6.022 అని దశాంశాలతో సహా ఎలా చెప్పారు, అంటున్నావు. పద్ధతులు చాలా ఉన్నాయి. అన్నిటికంటే పొట్టిది చెప్తాను, కాలిక్యులేటర్లు తీయండి.

వెండి లవణం ద్రావణంలోంచి కరెంటు పంపితే రుణధ్రువం మీద వెండి పేరుకుంటుంది. ఒక్కొక్క వెండి అయానుకు, అంటే ఆవేశం ఉన్న వెండి పరమాణువుకు, ఒక్కొక్క ఎలక్ట్రాన్. ఒక మోల్ వెండి, అంటే సుమారు 107.9 గ్రాములు, పేరుకోవాలంటే 96,485 కూలుంబుల విద్యుదావేశం కావాలి. ఇది త్రాసు, ఆమ్మీటరు, గడియారం ఉంటే కొలిచేయొచ్చు. ఫారడే అనే ఇంగ్లిషు శాస్త్రవేత్త 1830ల్లోనే ఈ దారి వేశాడు. తర్వాత మిల్లికన్ అనే అమెరికా శాస్త్రవేత్త నూనె తుంపరలతో ఒక్క ఎలక్ట్రాన్ మీద ఎంత ఆవేశం ఉంటుందో కొలిచాడు. ఇప్పుడు మనకు తెలిసిన విలువ 1.602 ఇంటూ 10 పవర్ మైనస్ 19 కూలుంబులు. బస్తా మొత్తం బరువు తెలుసు, ఒక్క మేకు బరువు తెలుసు. ఇక మిగిలింది భాగహారమే.

96,485ను దాంతో భాగించండి. ఎంత వచ్చింది? నీకు 10 పవర్ మైనస్ 15 వచ్చిందా? పవర్ దగ్గర చూసుకో నాన్నా, కింద ఉన్న మైనస్ 19 పైకి వస్తే ప్లస్ అవుతుంది. మళ్లీ కొట్టు. ఆఁ, ఇప్పుడు గట్టిగా చదువు, అందరికీ వినపడేలా.